టోకెన్ ఇచ్చే చోట రద్దీ

నాగార్జున సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు నాట్లు కాస్త అటూ ఇటూగా ఒకేసారి పడతాయి. కోతలూ అలాగే ఒక్కసారిగా మీదపడతాయి. కొడవళ్లతో కోసే రోజుల్లో కోత వారాల తరబడి సాగేది. ఇప్పుడు హార్వెస్టర్ మడిలో దిగితే పూట గడవకముందే వడ్లు ట్రాక్టర్‌కెక్కుతున్నాయి. సన్నాలను ఆరబెట్టకుండా పచ్చివిగానే నేరుగా మిర్యాలగూడ మిల్లులకు తోలడం ఇక్కడి అలవాటు. కోత మిషన్లు ఎన్ని పెరిగినా మిల్లులోని డ్రయ్యర్ ఆరబెట్టగలిగింది మాత్రం అంతే. దాంతో మిల్లుల ముందు ట్రాక్టర్ల బారు తయారవుతుంది. 2021 నవంబరు కోతలప్పుడు అధికారులు దీనికి టోకెన్ల పద్ధతి పెట్టారు. టోకెన్ ఉంటేనే మిల్లుకు వడ్లు తేవాలన్నారు. రద్దీ కాస్తా టోకెన్లు ఇచ్చే చోటికి మారింది. రైతులు అక్కడ బారులు తీరారు, దొరకనివాళ్లు రోడ్డెక్కారు.

కంప్యూటర్ ఇంజనీర్లకు ఈ కథ కొత్తేమీ కాదు. వాళ్లు వాడే ఒక పద్ధతి పేరే 'టోకెన్ బకెట్'.

ఆ బకెట్ దాకా వెళ్లేముందు ఇంకా సులువైన అదుపు ఒకటి చూద్దాం. సర్వర్‌లో ఒక డిస్క్ పాడవడం మొదలైందనుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్, ఆ డిస్క్‌ను తాకిన ప్రతిసారీ లాగ్‌లో ఒక ఫిర్యాదు రాస్తుంది. సెకనుకు వేలసార్లు తాకితే వేల ఫిర్యాదులు. అన్నీ ఒకే మాట. కాసేపటికి అసలు పని పక్కనబడి ప్రాసెసర్ ఫిర్యాదులు రాయడంలోనే మునిగిపోతుంది. మనకు కావలసిన ఒక్క వాక్యం ఎక్కడో అడుగున పడిపోతుంది. అందుకే లైనక్స్ కెర్నెల్‌లో రేట్ లిమిట్ అనే అదుపు ఉంది. మామూలు లెక్క ప్రకారం ఒకే చోటి నుంచి 5 సెకన్లలో 10 సందేశాల దాకా రానిస్తుంది. మిగతావాటిని రాయదు, లెక్క మాత్రం పెట్టుకుని, ఇన్ని 'సప్రెస్డ్' అని తర్వాత ఒక్క వరుసలో చెబుతుంది. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీదీ ఇదే దారి. పదేపదే కూలిపోయే సర్వీసును మామూలుగా 10 సెకన్లలో 5 సార్ల దాకా లేపి చూస్తుంది, ఆపైన లేపదు.

ఇంత పనికి గుర్తుపెట్టుకోవలసినవి రెండే అంకెలు. గడువు ఎప్పుడు మొదలైంది, ఇప్పటిదాకా ఎన్ని వచ్చాయి. కొత్త సందేశం రాగానే గడువు దాటిందా అని చూడాలి. దాటితే గడియారాన్ని ఇప్పటికి జరిపి, లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టాలి. దాటకపోతే లెక్కకు ఒకటి కలిపి, హద్దులో ఉంటే రానివ్వాలి. సిస్టమ్‌డీలో ఈ పని చేసే ఫంక్షన్ నిజంగానే ఇంతే.

దీనిలో చిన్న కంత ఉంది. మొదటి సందేశం సున్నా దగ్గర వచ్చింది, తొమ్మిది 4.9 సెకన్ల దగ్గర వచ్చాయి. 5.1 దగ్గర కొత్త గడువు, మళ్లీ పది. అంటే సెకనులో ఐదో వంతు వ్యవధిలో 19 దూరిపోయాయి. లాగ్ సందేశాలకైతే దీనివల్ల మునిగిపోయేదేమీ లేదు. నెట్‌వర్క్ ట్రాఫిక్‌కు ఇది సరిపోదు, అక్కడ టోకెన్ బకెట్ కావాలి. బకెట్‌లో టోకెన్లు నిలకడగా పడుతుంటాయి, నిండితే ఆగుతాయి. వచ్చినవాడు ఒకటి తీసుకుని వెళ్తాడు, లేకపోతే ఆగుతాడు. కొత్తగా రాసేవాళ్లు టోకెన్లు వేయడానికి ఒక టైమర్ పెడతారు. వెయ్యిమంది వాడుకరులుంటే వెయ్యి టైమర్లు! ఆ గొడవే అక్కర్లేదు. ఎవరైనా వచ్చినప్పుడు, క్రితంసారి నుంచి ఎంత సమయం గడిచిందో చూసి, అంతసేపట్లో పడి ఉండాల్సిన టోకెన్లను అప్పటికప్పుడు లెక్క కట్టి కలిపితే చాలు. ఇక్కడా గుర్తుంచుకోవలసినవి రెండంకెలే: మిగిలిన టోకెన్లు, చివరిగా చూసిన సమయం.

ఇంత సులువైనదాన్నీ తప్పు రాయవచ్చు. ఇప్పటి సర్వర్లలో పదుల కొద్దీ ప్రాసెసర్ కోర్‌లుంటాయి. రేట్ లిమిట్ లెక్కను రెండు కోర్‌లు ఒకేసారి దిద్దకుండా కెర్నెల్‌లో ఒక తాళం ఉండేది. తాళం వేరొకరి చేతిలో ఉంటే ఆగడానికి వీల్లేదు, అందుకని 'హద్దు దాటింది' అనేసి సందేశాన్ని వదిలేసేవారు. పదిలో ఒక్కటీ వాడకపోయినా సరే! టోకెన్లు మిగిలే ఉన్నాయి, కౌంటర్ దగ్గర తోపులాట వల్ల వెనక్కి పంపేశారన్నమాట. 2025లో పాల్ మెకెన్నీ, పెట్ర్ మ్లాడెక్ తదితరులు దీన్ని సరిచేశారు. ఇంకా ఎన్నింటిని రానివ్వొచ్చనే లెక్కను తాళంతో పనిలేకుండా ఒక్క దెబ్బలో తగ్గించగల అంకెగా మార్చారు. తాళం దొరకనివాడు కూడా ఆ అంకె చూసుకుని వెళ్లిపోవచ్చు. వదిలేసినవాటి లెక్కా అలాగే మారింది. ఈ మార్పుల్లో ఒకటి రేట్ లిమిట్ ఫంక్షన్ నుంచి బయటకొచ్చే దారిని సరళం చేయడమే. ఒక గోటూ (కోడ్‌లో వేరేచోటికి దూకమనే ఆదేశం), కొన్ని వరుసలు తగ్గాయి. చూడటానికి చిన్న పనే. కానీ అదుపు పెట్టే కోడ్ నడిచేదే రద్దీ సమయంలో, అప్పుడు ఒక్క వరుస బరువు తగ్గినా లాభమే.

ఈ అదుపులు మన చేతిలోని ఫోన్‌దాకా వచ్చాయి. 2021లో కోవిడ్ టీకాల పోర్టల్ కోవిన్ నుంచి సమాచారం తీసుకునే ప్రోగ్రాములకు ఒక ఇంటర్నెట్ చిరునామా నుంచి 5 నిమిషాలకు 100 అభ్యర్థనలే హద్దు. 2025 ఆగస్టు 1 నుంచి యూపీఐ యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూడలేం.

అయితే కెర్నెల్‌కున్న వెసులుబాటు మిల్లుకు లేదు. సందేశాన్ని వదిలేస్తే పోయేది ఒక వరుస అక్షరాలు. తడి వడ్లను వదిలేస్తే రంగు మారతాయి, మొలకెత్తుతాయి, ఏడాది కష్టం పోతుంది. అక్కడ టోకెన్ బారును జరపగలదే గానీ తగ్గించలేదు, డ్రయ్యర్లు పెంచితేనే తగ్గుతుంది.

సూర్యాపేట, కోదాడల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఒక మాట. లైనక్స్ సోర్స్‌కోడ్‌లో లిబ్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో రేట్‌లిమిట్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఒక సాయంత్రం కూర్చుని 2025కు ముందుదీ తర్వాతదీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.