జలగ మంచిదే, నీరు మంచిదా?

గత వర్షాకాలంలో ఒకనాటి ఉదయం సంగారెడ్డిలోని మా వైద్యశాలకు ఒక యువకుడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. అతడు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఉద్యోగి. తల్లిగారికి ఎడమకాలి చీలమండ పైభాగాన చర్మం నల్లబడి, దురదపెడుతూ, రసి కారుతోంది. ఆయుర్వేదం విచర్చిక అనీ, నేటి వైద్యులు ఎగ్జిమా అనీ చెప్పే వ్యాధి అది. యువకుడు సంచిలోనుంచి మూత బిగించిన గాజుసీసా తీసి నా బల్లపై ఉంచాడు. అందులో మూడు జలగలు కదులుతున్నాయి!

“మా తాతకు ఇట్లాగే కాలికి జలగలు పట్టిస్తే తగ్గిందట సార్. మా అమ్మకు కూడా పట్టించండి” అన్నాడు.

“ఇవి ఏ చెరువులోవి బాబూ?” అని అడిగాను. కర్మాగారాల దిగువన ఉన్న ఒక చెరువు పేరు చెప్పాడు. నేను సీసాను అతని వైపే జరిపాను. ఎందుకు జరిపానో అతనికి చెప్పిన సంగతులే పాఠకులకు కూడా విన్నవిస్తున్నాను.

రక్తాహారులలో ఔషధజీవి

రక్తం తాగి బతికే జీవులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. దోమ, నల్లి, పేను, పశువులను పట్టే పిడుదు - ఇవన్నీ మనకు రోగాలనో, బాధనో మిగిల్చేవే. వీటి నడుమ వైద్యుని చేతికి ఉపకరణంగా అందినది జలగ ఒక్కటే. సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 13వ అధ్యాయం పూర్తిగా దీనికే కేటాయింపబడింది. బాలురకు, వృద్ధులకు, భీరువులకు, సుకుమారులకు తగిన రక్తమోక్షణ విధానం ఇదేనని సుశ్రుతుడు నిర్ణయించాడు.

జలగ నోటిలో మూడు దవడలు ఉంటాయి. అది కరచిన చోట మూడు గీతలు కలిసిన చిన్న గాటు పడుతుంది. దాని లాలాజలంలోని పదార్థం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఈ గుణాన్ని 1884లో జాన్ హేక్రాఫ్ట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త కనుగొన్నాడు. తరువాత ఆ పదార్థానికి హిరుడిన్ అని పేరు వచ్చింది. తెగిన వేళ్ళను, చెవులను తిరిగి అతికించినప్పుడు అక్కడ నిలిచిపోయిన రక్తాన్ని తీయడానికి శస్త్రవైద్యులు జలగలను వాడుతున్నారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004లో ఈ వాడకానికి అనుమతినిచ్చింది.

సుశ్రుతుడు చూసినది నీటినే

సుశ్రుతుడు జలగలను పన్నెండు రకాలుగా విభజించి, ఆరింటిని సవిషములనీ, ఆరింటిని నిర్విషములనీ పేర్కొన్నాడు. రంగు, ఆకారం వర్ణించి ఊరుకోలేదు. అవి పుట్టిన నీటినే ముఖ్య లక్షణంగా తీసుకున్నాడు. విషకీటకాలు, మలమూత్రాలు కుళ్ళిన మురికినీట పుట్టినవి సవిషములు. తామరలు, కలువలు పెరిగే నిర్మల జలాన పుట్టినవి నిర్విషములు. నీరే ఆయువు, నీరే నివాసం కనుక వీటికి ఆ పేరు వచ్చిందని వివరించాడు. పట్టితెచ్చిన జలగలను కొత్తకుండలో చెరువు నీరు, బురద పోసి పెంచాలనీ, నీటిని తరచుగా మార్చాలనీ, ఏడు దినాలకు ఒకసారి కుండనే మార్చాలనీ నియమం పెట్టాడు. జలగను తెచ్చే ముందు చెరువును చూడమన్నదే దీని సారాంశం.

మన చెరువుల సంగతి

పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో 1970ల నుంచి రసాయన, ఔషధ పరిశ్రమలు విస్తరించాయి. నక్కవాగు ఈ వ్యర్థాలను మోసుకొని మంజీరలో కలిసేది. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఒక్కనాడు ఆ నీటితో పోయిన మందు 45 కిలోలని అంచనా. అది 90 లక్షల జనాభా గల స్వీడన్ దేశమంతా సగటున ఐదు రోజులలో వాడే మందుకు సమానం!

దీనికీ జలగకూ సంబంధమేమని పాఠకులు అడగవచ్చు. జలగ కడుపులో ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి సహజంగా నివసిస్తుంది. అది జలగకు మేలు చేసేదే కానీ, మన గాయంలో చేరితే చీము పట్టిస్తుంది. దానిని నివారించడానికి వైద్యులు ఇచ్చే మందులలో ముఖ్యమైనది ఈ సిప్రోఫ్లోక్సాసినే. 2018లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో, ఈ మందుకు లొంగని ఏరోమోనాస్ ఉన్న వైద్య జలగలలో ఈ మందే అతిస్వల్ప మోతాదులో బయటపడింది. పెంపకంలో మేపిన రక్తంతో అది చేరి ఉంటుందని పరిశోధకులు భావించారు. మేతలోని లేశమాత్రం మందే అంత పని చేయగలిగితే, మందులు కలిసిన నీటిలో పెరిగిన జలగను నమ్మి పుండుపై ఎలా పెట్టగలం? సవిషము అన్న సుశ్రుతుని మాటకు ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి?

ఎవరు పట్టించుకోరాదు?

రక్తహీనత గలవారు, గర్భిణులు, రక్తం గడ్డకట్టని వ్యాధి ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు జలగలను పట్టించుకోరాదు. మధుమేహం గలవారి కాలిపుండ్ల విషయంలో సొంత ప్రయత్నం ఎంతమాత్రం కూడదు. ఒకరికి వాడిన జలగను వేరొకరికి వాడరాదు. కామెర్ల వంటి రక్తవ్యాధులు సోకే ప్రమాదం ఉంది. పెంపకపు జలగలతో, శిక్షణ పొందిన వైద్యుని సమక్షంలోనే ఈ చికిత్స జరగాలి.

పొలంలో జలగ పట్టుకుంటే

భయపడి లాగివేయకండి. గోరుతోగానీ, పలుచని అట్టముక్క అంచుతోగానీ నోటివైపు చర్మానికి ఆనించి మెల్లగా తప్పించండి. ఉప్పు చల్లడం, నిప్పు తాకించడం మంచిది కాదు. అది తాగినదాన్ని గాయంలోనికే కక్కవచ్చు. తరువాత సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి ఉంచండి. కొన్ని గంటలపాటు రక్తం చెమర్చినా కంగారుపడవద్దు. ఆగకుండా ధారగా కారినా, మరునాటికి వాపు, చీము, జ్వరం కనిపించినా ఆలస్యం చేయకండి. చెరువులో ఈదిన పిల్లలకు ముక్కునుంచి పదే పదే రక్తం వస్తుంటే లోపల జలగ ఉందేమోనని వైద్యునిచేత చూపించండి.

ఇంతకూ ఆ తల్లిగారిని మందుల గురించి అడిగితే, గుండెకోసం రక్తాన్ని పలుచబరచే మాత్ర రెండేళ్ళుగా వేసుకుంటున్నానన్నారు. కుమారునికి ఆ సంగతి గుర్తే లేదు! కాలి సిరల పరీక్షకు పంపించాను. వెళ్ళబోతూ ఆమె సీసావైపు చూసి, “మా చిన్నప్పుడు ఆ చెరువు నీళ్ళే తాగేవాళ్ళం అయ్యా, నిండా తామరపూలుండేవి” అన్నారు. ఆ మాట విన్నాక కుమారుడు సీసాను సంచిలో పెట్టుకున్నాడు, ఇంకేమీ అడగలేదు.