క్యూలో మిగిలిపోయిన వేణువు

ఓఎస్ క్లాసులో ప్రయారిటీ షెడ్యూలింగ్ గుర్తుందా? ముఖ్యమైన ప్రాసెస్‌కే ముందు సీపీయూ దొరుకుతుంది. అలాంటివి వస్తూనే ఉంటే, చివర్లో ఉన్నదానికి వంతే రాదు. అదే స్టార్వేషన్. ఎంఐటీలో ఐబీఎం 7094ని 1973లో ఆపేసినప్పుడు, 1967లో ఇచ్చిన జాబ్ ఒకటి ఇంకా క్యూలోనే కనిపించిందని ఓ కథ చెప్తారు. పుకారే కావచ్చు గానీ, నేను నమ్ముతాను.

ఎందుకంటే నా క్యూలో ఒక వేణువు ఉంది. ఫస్టియర్‌లో ఇంటి నుంచి తెచ్చుకున్నా. మిడ్స్ అయ్యాక, ల్యాబ్ రికార్డులయ్యాక అనుకుంటూ థర్డియర్‌కొచ్చేశా. మొన్న ఊదితే సరళీ స్వరాలు కూడా సరిగ్గా పలకలేదు.

దీనికి మందు ఆ సిలబస్‌లోనే ఉంది: ఏజింగ్. ఎదురుచూసే కొద్దీ ప్రాసెస్ ప్రయారిటీని కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. అప్పుడు ఎంత వెనకున్నదైనా ఏదో ఒకనాటికి ముందుకొస్తుంది. నేనూ అదే పెట్టుకున్నా. రెండు వారాలు ముట్టుకోకపోతే, ఆ ఆదివారం గంటసేపు వేణువే ఫస్ట్, గేట్ టెస్ట్ సిరీస్ అయినా తర్వాతే. వారానికి 168 గంటలు కదా, ఒకటి పోతే ర్యాంకు పోదులే. నిద్రని మాత్రం ఈ క్యూలో కలపకండి. అది ప్రాసెస్ కాదు, పవర్ సప్లై.

ఆదివారం పొద్దున్నే మా రూమ్మేట్ ఇయర్‌ఫోన్స్ వెతుక్కుంటున్నాడు, అదొక్కటే ఇబ్బంది.