పడవ గుల్లకు రాగి మందు - రేవు నీటికి ముప్పు

విశాఖపట్నం: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిలిచిపోతుంది. పడవలను గట్టుకెక్కించి, అడుగు గీకి, కొత్త రంగు వేయించుకునే రోజులవి. గీకినప్పుడు రాలేవి బార్నకిల్స్ అనే తెల్లని సున్నపు గుల్లలు, నల్లని చిన్న ఆల్చిప్పలు, నాచు. ఇవి దట్టంగా పట్టిన పడవ నీటిలో సాగదు. అంతే దూరానికి డీజిలు ఎక్కువ తాగుతుంది.

రేకు నుంచి రంగు దాకా

ఈ బెడదకు విరుగుడు రాగి అని నావికులు ఏనాడో గ్రహించారు. 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలార్మ్' అనే ఓడ అడుగుకు రాగి రేకులు తొడిగింది. గుల్లలు పట్టలేదు గాని, రాగి తగిలిన చోట ఇనుప మేకులు తినేసుకుపోయాయి. ఇనుప ఓడలు వచ్చాక రాగిని రంగులో కలిపి పూయడం మొదలైంది. నేటికీ ఎక్కువ పూతలలో ఉండేది రాగి ఆక్సైడే.

రైతులు తెగుళ్లకు సున్నంతో కలిపి చల్లే మైలుతుత్తం కూడా రాగి లవణమే. నీటిలో కరిగిన రాగి జీవకణాలలోని ఎంజైములకు అంటుకుని వాటి పని చెడగొడుతుంది. అయితే ఎదిగిన ఆల్చిప్పను చంపడం తేలిక కాదు. విషం తగలగానే చిప్పలు బిగించుకుని రోజుల తరబడి ఉండగలదు. కంటికి ఆనకుండా నీటిలో తేలే పిల్లలకు ఆ రక్షణ లేదు. అందుచేత పూత చేయవలసిన పని పిల్లను అంటుకోనివ్వకపోవడమే. పూత అరిగి, పిల్ల అతుక్కుని గుల్ల కట్టుకుంటే ఇక గీకుడే గతి.

డార్విన్‌లో ఏం జరిగింది?

విశాఖ రేవులోని నల్ల ఆల్చిప్పలలో ఒకటి పరాయిది. శాస్త్రజ్ఞులు 'మైటిలాప్సిస్ సలై' అనే ఈ జాతి మధ్య అమెరికా తీరాలకు చెందినది. ఇక్కడ 1967లో కనబడింది. ఇదే గుల్ల 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవులలో బయటపడింది. అక్కడి అధికారులు ఆ రేవులు మూసివేసి, క్లోరిను, మైలుతుత్తం కుమ్మరించారు. కొద్ది వారాలలో గుల్ల అంతరించింది. దానితోపాటు ఆ నీటిలోని చేపలూ చచ్చాయి. తలుపులున్న చిన్న రేవులు గనుక అది సాధ్యపడింది. సముద్రానికి తెరచి ఉన్న విశాఖ రేవులో ఆ వైద్యం కుదిరేది కాదు.

మందుకు మంచి చెడ్డ తెలియదు

లీటరు నీటిలో మిల్లీగ్రాములో వందోవంతు రాగి ఉన్నా కొన్ని తినే ఆల్చిప్పల పిండాలు సరిగా ఎదగవు. రాగికన్నా ఘాటైన ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనం ఫ్రాన్సులోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంపకాన్ని దెబ్బతీసింది. అక్కడ 1982లో చిన్న పడవలకు దానిని నిషేధించారు. అంతర్జాతీయ నిషేధం 2008లో అమలులోకి వచ్చింది.

రాగి పూత మానుకోమని మత్స్యకారులకు చెప్పడం సులువే గాని, గుల్ల పట్టిన పడవకు డీజిలు పోసేది వారే. చేయదగినది ఒకటుంది. గీకిన పొట్టులో పాత రంగు, అందులో రాగి ఉంటాయి. పడవ కింద పట్టా పరచి, ఆ పొట్టును నీటిలో పడనీయకుండా ఎత్తివేయాలి. గట్టు మీద అందుకు వేరే చోటు చూపడం అధికారుల వంతు. పడవ అడుగున పిల్లను చంపే మందు రేవు నీటిలో కలిస్తే చేప పిల్లనూ వదలదు.