చేతి లోతుసిరలలో నెత్తురు గడ్డకట్టుట

చేయి వాచినచో మనము బెణికినదని తలచి, నూనె రాచి మర్దించి, కాపడము పెట్టుదుము. వైద్యుడనైన నా యింటనే ఈ పొరపాటు జరిగినది.

మా మేనల్లుడు ఇరువది రెండేండ్లవాడు. రెండు దినములు వరుసగా ధాన్యపు బస్తాలు లారీకెత్తి, మూడవనాడు కుడిచేయి బరువుగా నున్నదనెను. చేయి వ్రేళ్లవరకు వాచి నీలిరంగు తిరిగెను. భుజముపైని, ఱొమ్ముపైని సన్నని సిరలు తేలెను. నేను ఊరు చేరుసరికే మా అక్కగారు రెండు పూటలు మర్దన చేయించిరి. పట్టణమున అల్ట్రాసౌండు పరీక్ష చేయింపగా, చంక యొద్దనుండి పోవు లోతుసిరలో నెత్తురు గడ్డకట్టినదని తేలెను.

మన పల్లెలలో నరమనునదానినే వైద్యులు సిర యందురు. చేతి నెత్తురును గుండెకు చేర్చు పెద్దసిర, మెడక్రింది అడ్డపుటెముకకును మొదటి ప్రక్కటెముకకును నడుమ ఇరుకు సందున పోవును. చేతులెత్తి పదేపదే బరువు పని చేయువారికి అచ్చట సిర నలిగి, నెత్తురు గడ్డకట్టవచ్చును. దీనిని లండనులో జేమ్స్ పాజెట్ 1875లోను, వియన్నాలో ష్రోటర్ 1884లోను వివరించిరి. అయితే ఎక్కువమందికి కారణములు వేఱు: మందులెక్కించుటకు పెద్దసిరలో నుంచిన గొట్టము, గుండెకమర్చిన పేస్‌మేకరు తీగ, క్యాన్సరు.

గడ్డనుండి ముక్క తెగి ఊపిరితిత్తులకు పోయినచో ప్రాణాపాయము. కావున మర్దన కూడదు. ఆయాసము, ఱొమ్మునొప్పి, దగ్గులో నెత్తురు కనబడినచో క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలయును.

చికిత్సకు హెపారిన్ సూదిమందు, మాత్రలు కలవు. ఈ మాత్రలలో నొకదాని పుట్టుక పశువుల కొట్టమునకు సంబంధించినది. 1920 తరువాత కెనడాలోను, ఉత్తర అమెరికా రాష్ట్రములలోను పశువులు స్వల్పగాయమునకే నెత్తురు కారి చనిపోసాగెను. బూజుపట్టిన క్లోవరు ఎండుగడ్డి మేయుటయే కారణమని తెలిసెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ పరిశోధనశాలలో 1939లో ఆ గడ్డిలోని విషమును వేఱుపఱచిరి. ఆ జాతిదే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుష్యుల ఔషధమాయెను. పశువులను చంపిన గుణమే మితముగా వాడిన మనుష్యుని కాపాడుచున్నది.

ఈ మందులు గడ్డను కరిగింపవు, పెరుగనీయవు. కరిగించు పని శరీరమే మెల్లగా చేసికొనును. అందుచేత కనీసము మూడు నెలలు వాడవలయును. వార్ఫరిన్ వాడువారు తఱచు నెత్తురు పరీక్ష చేయించుకొనవలయును. ఆకుకూరలు మానక, నిత్యమును ఒకే పరిమాణమున తినవలయును. రివరోక్సాబాన్, అపిక్సాబాన్ వంటి క్రొత్త మాత్రలకు ఆ పరీక్షల బెడద లేదు. ఏ మాత్రయైనను, వైద్యునడుగక నొప్పిమాత్రలు మ్రింగరాదు. నెత్తురు కారుట ఎక్కువ కావచ్చును. సందు ఇరుకైన కొందఱు యువకులకు, సన్నని గొట్టముద్వారా గడ్డను కరిగించి, పిదప మొదటి ప్రక్కటెముకను తీసివేయుదురు.

నెల తిరుగకమునుపే వాపు తగ్గగా, "ఇక మందెందుకు తమ్ముడా?" అని అక్కగారడిగిరి. "చెఱువు గండి పూడ్చిన మఱునాడే కాపలా మానుదుమా అక్కా?" అంటిని. ఆమె మఱి మాటాడలేదు. గడువు పూర్తియగువఱకు ఒక్క పూటయు తప్పక తానే కుమారునికి మాత్ర అందించిరి.

మీ యూర నెవరి చేయియైన నిట్లు వాచినచో, నూనెగిన్నె ప్రక్కనుంచి బండి కట్టింపుడు.