క్రైస్తవ దైవశాస్త్రంలో దైవపుత్రత్వం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- బైబిలులో 'కుమారుడు' అనే మాటకున్న వివిధ అర్థాలను గుర్తించగలుగుతారు.
- క్రీ.శ. 325 నాటి నైసియా మహాసభ ఏ ప్రశ్నకు సమాధానం చెప్పిందో వివరించగలుగుతారు.
- సహజ పుత్రత్వానికీ దత్త పుత్రత్వానికీ ఉన్న భేదాన్నీ, సంబంధాన్నీ తెలపగలుగుతారు.

1. పరిచయం

'యేసు దేవుని కుమారుడు' అన్నది క్రైస్తవ విశ్వాసంలో కేంద్ర వాక్యం. ఈ మాట వినగానే చాలామందికి కలిగే సందేహం ఒకటుంది. దేవుడికి కొడుకు ఉండటమేమిటి? మహాభారతంలో కర్ణుడు సూర్యుని కుమారుడు, భీముడు వాయుదేవుని కుమారుడు. గ్రీకుల కథల్లో హెరాక్లీస్ జ్యూస్ దేవుని కుమారుడు. క్రైస్తవులు చెప్పేది కూడా ఇటువంటిదేనా? ఈ సందేహం క్రైస్తవేతర విద్యార్థులకే పరిమితం కాదు. చిన్నప్పటి నుంచి ఈ మాటను ప్రార్థనలో పలుకుతూ వచ్చిన విద్యార్థి కూడా దాని అర్థాన్ని ఎన్నడూ విడమరచి చూసుకోకపోవచ్చు.

క్రైస్తవ దైవశాస్త్రం దృష్టిలో ఇది శారీరక జననానికి సంబంధించిన మాట కాదు. అలాగని కేవలం గౌరవానికి ఇచ్చిన బిరుదూ కాదు. మరి ఏమిటన్నది ఈ పాఠంలో దశలవారీగా పరిశీలిద్దాం.

2. హీబ్రూ వాడుకలో 'కుమారుడు'

హీబ్రూ భాషలో 'బెన్' అంటే కుమారుడు. అయితే ఈ మాట కన్నబిడ్డకు మాత్రమే పరిమితం కాదు. ఒక వర్గానికి చెందినవాడు, ఒక గుణం కలవాడు అని చెప్పడానికి కూడా వాడతారు. 'ప్రవక్తల కుమారులు' అంటే ప్రవక్తలు కన్న పిల్లలు కారు, వారిని అనుసరించే సమూహం. అందుకే తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ 'ప్రవక్తల శిష్యులు' అని రాశారు. యేసు ఇద్దరు శిష్యులకు 'ఉరుము కుమారులు' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. తెలుగులో అది 'ఉరిమెడు వారు' అయింది. 'దేవుని కుమారుడు' అన్నచోట మాత్రం అనువాదకులు 'కుమారుడు' అనే మాటను అలాగే ఉంచారు. కనుక ఆ మాట వెనుక ఉన్న విస్తృతార్థాన్ని తెలుగు పాఠకుడు ప్రయత్నించి గ్రహించవలసి ఉంటుంది.

పాతనిబంధనలో 'దేవుని కుమారుడు' అన్న భావం ముఖ్యంగా మూడు సందర్భాల్లో కనిపిస్తుంది.

అ) ఇశ్రాయేలు జాతి: నిర్గమకాండం 4వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలును తన జ్యేష్ఠ కుమారునిగా చెప్పి, బానిసత్వం నుంచి విడిచిపెట్టమని ఫరోను ఆదేశిస్తాడు.
ఆ) రాజు: రెండవ సమూయేలు 7వ అధ్యాయంలో దావీదు వంశపు రాజుకు తాను తండ్రిగా ఉంటానని దేవుడు వాగ్దానం చేస్తాడు.
ఇ) పరలోకవాసులు: యోబు గ్రంథం 1వ అధ్యాయంలో దేవుని సన్నిధిలో నిలిచేవారిని దేవుని కుమారులుగా పేర్కొనడం జరిగింది.

ఈ మూడింటిలో ఎక్కడా శారీరక జననం లేదు. ఎన్నిక, సన్నిహిత సంబంధం, అప్పగించిన బాధ్యత అనేవి మాత్రమే ఉన్నాయి.

3. యేసు విషయంలో ఈ మాట

యేసు కాలానికి పాలస్తీనా రోమా సామ్రాజ్యం కింద ఉంది. జూలియస్ సీజర్ మరణానంతరం రోమా సెనేట్ అతన్ని దేవుడిగా ప్రకటించింది. అతని దత్తపుత్రుడైన అగస్టస్ 'దైవమైనవాని కుమారుడు' అన్న బిరుదును నాణేలపై ముద్రించుకున్నాడు. అంటే ఆనాటి ప్రజలకు 'దేవుని కుమారుడు' అన్నది రాజ్యాధికారపు మాట కూడా. మార్కు సువార్తలో సిలువపై మరణించిన యేసును చూసి ఆ మాట పలికేది ఒక రోమా శతాధిపతి. చక్రవర్తికి చెందవలసిన బిరుదును ఆ చక్రవర్తి సైన్యాధికారే శిక్ష పొందిన మనిషికి ఇస్తున్నాడు. ఈ సన్నివేశంలోని తీవ్రతను తొలి పాఠకులు తేలికగానే గ్రహించి ఉంటారు.

యోహాను సువార్త మరొక అడుగు ముందుకు వేస్తుంది. అందులో కుమారుడు సృష్టికి పూర్వమే తండ్రితో ఉన్నాడు. అతడు 'అద్వితీయ కుమారుడు'. అంటే అతని పుత్రత్వం వంటిది మరొకరికి లేదని అర్థం. ఇక్కడినుంచే దైవశాస్త్రంలోని ప్రధాన ప్రశ్న మొదలవుతుంది. దేవుడు ఒక్కడే అయితే, సృష్టికి పూర్వమే ఉన్న ఈ కుమారుడు ఎవరు?

4. ఏరియస్ వాదం, నైసియా సమాధానం

నాలుగవ శతాబ్ది ఆరంభంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో ఏరియస్ అనే మతగురువు ఒక తర్కబద్ధమైన వాదం చేశాడు. తండ్రి ముందు, కుమారుడు తరువాత. కనుక కుమారుడు లేని స్థితి ఒకటి ఉండి తీరాలి. కాబట్టి కుమారుడు దేవుడు సృష్టించినవాటిలో మొదటివాడు, అత్యున్నతుడు, అయినా సృష్టిలోనివాడే. దేవుని ఏకత్వాన్ని కాపాడాలన్నదే ఏరియస్ ఉద్దేశం. అతన్ని మతద్వేషిగా భావించనవసరం లేదు.

ఈ వివాదాన్ని తేల్చడానికి కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రీ.శ. 325లో నైసియాలో మహాసభను పిలిపించాడు. ఇది నేటి టర్కీలోని ఇజ్నిక్ పట్టణం. సుమారు 300 మంది బిషప్పులు హాజరైన ఆ సభ, కుమారుడు తండ్రి నుంచి జనించినవాడే కాని సృష్టి కాదనీ, ఇద్దరిదీ ఒకే తత్త్వమనీ ప్రకటించింది.

జననానికీ, చేయడానికీ ఉన్న తేడాను ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. కుమ్మరి కుండను చేస్తాడు. కుండ ఎంత అందమైనదైనా మనిషి కాదు. కాని కుమ్మరికి పుట్టిన బిడ్డ కుమ్మరి లాగే మనిషి. చేసినది చేసినవాని స్వభావాన్ని పొందదు, జనించినది పొందుతుంది. నైసియా 'జననం' అన్న మాటను నిలుపుకొన్నది ఇందుకే. అయితే ఈ ఉపమానానికి ఒక హద్దు ఉంది. మానవ జననానికి కాలం, శరీరం, తల్లి అవసరం. దైవ జననానికి ఇవేవీ లేవు. అందుకే ఆనాటి వేదాంతులు సూర్యుడు, వెలుగు అనే పోలికను కూడా వాడారు. వెలుగు సూర్యుని నుంచే వస్తుంది. అయినా వెలుగు లేని సూర్యుడు ఏ క్షణంలోనూ లేడు.

సభతో వివాదం ముగియలేదు. నైసియా పక్షాన నిలిచిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ అయిదుసార్లు ప్రవాసానికి వెళ్ళవలసి వచ్చింది. క్రీ.శ. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నైసియా నిర్ణయాన్ని స్థిరపరచింది. కుమారుడు సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని క్రీ.శ. 451లో కాల్సెడన్ సభ నిర్ధారించింది.

5. దత్త పుత్రత్వం

ఒక్క మాట అర్థం కోసం ఇంత పోరాటం ఎందుకు జరిగింది? దీనికి సమాధానం పౌలు లేఖల్లో ఉంది. రోమా, గలతీ పత్రికల్లో పౌలు విశ్వాసులందరినీ దేవుని పిల్లలుగా వర్ణిస్తాడు. దానికి అతను ఎంచుకున్న గ్రీకు పదానికి దత్తత అని అర్థం. తెలుగు బైబిలులోని 'దత్తపుత్రాత్మ' అన్న పదబంధం దీని నుంచి వచ్చినదే.

రోమా సమాజంలో ఎదిగిన పురుషుణ్ణి దత్తత తీసుకోవడం సాధారణం. క్రీ.శ. 4లో అగస్టస్ టైబీరియస్‌ను దత్తత తీసుకునే నాటికి టైబీరియస్ నలభై దాటినవాడు. దత్తుడు పాత కుటుంబపు అధికారం నుంచి తొలగి, కొత్త కుటుంబంలో పూర్తి వారసుడవుతాడు. పౌలు పత్రికలు విన్నవారిలో బానిసలు కూడా ఉన్నారు. యజమాని ఇంట్లో పనిచేసినా ఆ ఇంటిపై ఏ హక్కూ లేనివారికి 'మీరు వారసులు' అన్న మాట ఎటువంటిదో ఊహించవచ్చు. గలతీ పత్రిక 3వ అధ్యాయం ఈ హోదాను యూదులకూ గ్రీకులకూ, బానిసలకూ స్వతంత్రులకూ, స్త్రీలకూ పురుషులకూ సమానంగా వర్తింపజేస్తుంది. ఇక్కడ 'పుత్రత్వం' లింగాన్ని కాక వారసత్వపు హోదాను తెలుపుతుంది.

ఈ సందర్భంలోనే పౌలు వాడిన 'అబ్బా' అన్న పిలుపు వస్తుంది. ఇది బాధలో మనం అనే 'అబ్బా' కాదు. అరమాయిక్ భాషలో 'నాన్నా' అని పిలవడం. మార్కు సువార్త ప్రకారం గెత్సేమనే తోటలో యేసు దేవుణ్ణి ఇదే మాటతో పిలిచాడు. అంటే కుమారుని నోటి పిలుపే దత్తుల నోటికి వచ్చింది.

అథనాసియస్ వాదనకు ఆధారం ఇదే. యేసు పుత్రత్వం కూడా దానంగా వచ్చినదే అయితే, అతడు దాన్ని ఇతరులకు ఇవ్వగలవాడు కాడు, తానూ పుచ్చుకున్నవారిలో ఒకడవుతాడు. సహజ పుత్రుడు ఉంటేనే దత్త పుత్రత్వం నిలుస్తుంది. కనుక నైసియాలో చర్చకు వచ్చింది ఒక నిర్వచనం మాత్రమే కాదు, సామాన్య విశ్వాసి దేవుణ్ణి 'నాన్నా' అని పిలవగల హక్కు కూడా.

6. గమనించవలసిన అంశాలు

అ) దేవునికి సంతానాన్ని ఆపాదించడాన్ని ఖురాన్ 112వ అధ్యాయం నిరాకరిస్తుంది. శారీరక సంతానాన్ని క్రైస్తవ దైవశాస్త్రం కూడా నిరాకరిస్తుంది. యేసు సృష్టిలోనివాడు కాడన్న దగ్గరే రెండు మతాలు విడిపోతాయి.
ఆ) యేసు సామాన్య మనిషిగా ఉండి, తరువాత కుమారునిగా దత్తత పొందాడన్న వాదాన్ని దత్తతవాదం అంటారు. ప్రధాన క్రైస్తవ సంఘాలు దీన్ని అంగీకరించలేదు.
ఇ) కన్య గర్భాన యేసు జన్మించడం, కుమారుని అనాది జననం వేరువేరు విషయాలు. మొదటిది కాలంలో జరిగిన సంఘటన. రెండవది కాలానికి అతీతమైన సంబంధం. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపి రాయకండి.

7. సారాంశం

పాతనిబంధనలో 'దేవుని కుమారుడు' అన్నది ఎన్నికనూ సంబంధాన్నీ తెలిపే మాట. కొత్తనిబంధనలో అది యేసుకు అద్వితీయమైన అర్థంలో వర్తించింది. నైసియా ఆ అర్థాన్ని 'ఒకే తత్త్వం' అని నిర్వచించింది. యేసుది స్వభావసిద్ధమైన పుత్రత్వం, విశ్వాసులది కృప వల్ల లభించిన దత్త పుత్రత్వం. రెండవది మొదటిదానిపై ఆధారపడి ఉంటుంది.

8. మాదిరి ప్రశ్నలు

1. హీబ్రూ వాడుకలో 'కుమారుడు' అనే పదానికున్న అర్థాలను ఉదాహరణలతో వివరించండి.
2. ఏరియస్ వాదాన్ని తెలిపి, నైసియా మహాసభ దాన్ని ఎందుకు తిరస్కరించిందో చర్చించండి.
3. దత్త పుత్రత్వం సహజ పుత్రత్వంపై ఆధారపడుతుందన్న అథనాసియస్ వాదనను సమీక్షించండి.