గ్రీకు వ్యాకరణంతో గట్టి జవాబు

బానిసగా పుట్టి ప్రొఫెసర్‌గా ఎదిగిన విలియం శాండర్స్ స్కార్‌బరో అమెరికా పెట్టిన పరీక్షలో నెగ్గారు. అయినా భోజనాల బల్ల దగ్గర ఆయనకు చోటు దక్కలేదు.

గ్రీకు వ్యాకరణం తెలిసిన నల్లవాడు ఒక్కడు కనిపించినా ఆ జాతివారూ మనుషులేనని ఒప్పుకుంటానని బానిస వ్యవస్థకు కొమ్ముకాసిన అమెరికా నేత జాన్ సి. కాల్‌హూన్ అన్నట్లు చెబుతారు. ఆయన 1850లో కన్నుమూశారు. ఆ తర్వాత రెండేళ్లకే జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణంలో స్కార్‌బరో పుట్టారు.

తండ్రి స్వేచ్ఛాజీవి. తల్లి మాత్రం బానిస. చట్టప్రకారం తల్లి హోదాయే బిడ్డకూ వచ్చింది. బానిసలకు చదువు చెప్పడం జార్జియాలో నేరం. అందుకే ఆటలకు వెళ్తున్నట్లు నటిస్తూ, పుస్తకాలు దాచుకెళ్లి ఆయన అక్షరాలు దిద్దారు. అంతర్యుద్ధం ముగిశాక అట్లాంటాలోనూ, ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాలలోనూ చదివి 1875లో పట్టభద్రుడయ్యారు. తర్వాత అదే రాష్ట్రంలో నల్లజాతి విద్యార్థుల కోసం నెలకొన్న విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు.

1881లో న్యూయార్క్‌లో అచ్చయిన 'ఫస్ట్ లెసన్స్ ఇన్ గ్రీక్' ఆయనకు పేరు తెచ్చింది. ఒక ఆఫ్రికన్ అమెరికన్ రాసిన తొలి గ్రీకు పాఠ్యపుస్తకం అది. వ్యాకరణ సూత్రాలతో పాటు జెనొఫన్ రచనల్లోని భాగాలనూ అందులో చేర్చారు. 1884లో ఆయన మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్‌లో తొలి నల్లజాతి సభ్యుడయ్యారు.

నల్లవారికి వృత్తివిద్య చాలన్న వాదన అప్పట్లో బలంగా ఉండేది. బుకర్ టి. వాషింగ్టన్ దానికి పెద్ద దిక్కు. చేతిపనులను స్కార్‌బరో తక్కువ చేయలేదు. కానీ ఉన్నత విద్య తలుపు మూయడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ గాలికి 1890లలో కొన్నేళ్లు ఆయన కొలువే పోయింది. 1908లో అదే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడై, 1920 దాకా నడిపారు.

పాండిత్యం గౌరవం తెచ్చింది గానీ వివక్షను తుడిచిపెట్టలేదు. 1909లో బాల్టిమోర్‌లో జరిగిన భాషావేత్తల సదస్సులో ఆయన పత్రం సమర్పించాల్సి ఉంది. ఆయన వస్తే విందు వడ్డించేది లేదని హోటల్ యాజమాన్యం తేల్చిచెప్పింది. ఆయన వెళ్లలేదు.

1926లో స్కార్‌బరో కన్నుమూశారు. ఆత్మకథ పుస్తకంగా రావడానికి మరో 79 ఏళ్లు పట్టింది. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ ఇప్పుడు ఆయన పేరిట బహుమతి ఇస్తోంది. ఆయన జీవితం తేల్చిందొకటే. లోపం పరీక్ష రాసినవారిలో లేదు, పెట్టినవారిలో ఉంది.