హోటల్ తిండి వికటించిందా? మందు మింగే ముందు ఇవి గుర్తుంచుకోండి

వ్యాసర్పాడిలో మన ఇళ్లలో ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ముందు మజ్జిగ, వాము నీళ్లు ఇస్తాం. తగ్గకపోతే మందుల షాపులో మాత్ర తెస్తాం. ‘రాత్రి తిన్నది పడలేదు’ అనుకుని మరిచిపోతాం. అదే హోటల్లో తిన్న పక్క వీధివాళ్లూ మంచాన పడ్డారేమో మనకు తెలియదు. అధికారులకూ తెలియదు.

ఇది చిన్న విషయం కాదు. 2023 సెప్టెంబరులో నామక్కల్‌లో హోటల్ షవర్మా తిన్న 14 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. 40 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. 2024 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో మోమోలు తిన్నవాళ్లలో ఒక మహిళ కన్నుమూసింది. ఆ వెంటనే తెలంగాణ, 2025 ఏప్రిల్ 8 నుంచి తమిళనాడు, పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించాయి.

ఇలాంటప్పుడు విచారణ ఎలా సాగుతుంది? ఎవరు, ఎప్పుడు, ఏం తిన్నారు, ఎన్ని గంటలకు జబ్బు మొదలైంది అని ముందు జాబితా రాస్తారు. ఆ గంటలే పెద్ద ఆధారం. స్టెఫైలోకాకస్ విషమైతే సాధారణంగా ఆరు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. సాల్మొనెల్లాకు ఆరు గంటల నుంచి ఆరు రోజుల వరకు పట్టవచ్చు. షిగెల్లాకు సుమారు ఒకటి రెండు రోజులు. అందుకే చివర తిన్నదే కారణమని చెప్పలేం.

తర్వాత జబ్బుపడినవాళ్లను, అక్కడే తిని బాగున్నవాళ్లను పోల్చి చూస్తారు. చికెన్ తిన్నా మయోనైజ్ ముట్టనివాళ్లు బాగుంటే అనుమానం మయోనైజ్ మీదికి పోతుంది. రోగి మలంలోనూ, తిండిలోనూ ఒకే క్రిమి దొరికితే ఆధారం గట్టిపడుతుంది. కానీ అప్పటికి మిగిలింది పారేసి, గిన్నెలు కడిగేసి ఉంటారు. యాంటీబయాటిక్ మింగితే మలపరీక్షలో క్రిమి దొరకడం కష్టమవుతుంది.

కాబట్టి మనం చేయాల్సినవి ఇవి:

* మూడు రోజులుగా ఏం తిన్నారో, జబ్బు ఎప్పుడు మొదలైందో వేళలతో రాసుకోండి.
* బిల్లు దాచండి. మిగిలిన తిండిని మూత పెట్టి, ఎవరూ తినకుండా ఫ్రిజ్‌లో విడిగా ఉంచండి.
* యాంటీబయాటిక్ సొంతంగా వాడకండి. మలపరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి.
* ఓఆర్ఎస్ తాగించండి. మలంలో రక్తం, ఎక్కువ జ్వరం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పసిపిల్లలు, పెద్దవాళ్ల విషయంలో అసలు ఆలస్యం చేయొద్దు.
* ఆహార భద్రత శాఖకు ఫిర్యాదు చేయండి.

ఒక్క ఇంటి ఫిర్యాదు ఒక అనుమానం మాత్రమే. నాలుగిళ్ల ఫిర్యాదులు ఒకే హోటల్‌ను చూపిస్తే విచారణకు దారి దొరుకుతుంది. ఐదో ఇంటి బిడ్డ బతుకుతుంది.